పాపకు ఎలక్ట్రికల్ ఇష్టం, చేర్చమంటారా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

చంద్రగిరి_నాన్న:
మా పాపకు ఈఏపీసెట్‌లో ర్యాంకు వచ్చింది. వెబ్ ఆప్షన్లు పెట్టాలి. తనేమో ఎలక్ట్రికల్ అంటోంది. చుట్టాలు "ఇప్పుడన్నీ కంప్యూటరే చేసేస్తోంది, నాలుగేళ్ల ఫీజులు దండగ" అంటున్నారు. ఒకటే టెన్షన్‌గా ఉంది.

పల్ప్‌లైన్_చిత్తూరు:
అన్నా, నేను మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ఇన్‌స్ట్రుమెంటేషన్, అంటే వేడి, ఒత్తిడి లాంటివి కొలిచే పరికరాలు చూస్తాను. మా దగ్గర అన్నీ స్క్రీన్ మీదే నడుస్తాయి. పోయిన సీజన్‌లో తోతాపురి నడుస్తుండగా స్క్రీన్ మీద వేడి సరిగ్గానే ఉంది, స్టీమ్ వాల్వ్ మాత్రం ఎప్పటికన్నా తక్కువ తెరుచుకుంటోంది. నాకు అనుమానం వచ్చింది. వేడి కొలిచే సెన్సర్ మూత తీస్తే టెర్మినల్ స్క్రూ ఆవిరికి తుప్పు పట్టి ఉంది. అది రెండు వైర్ల పీటీ 100, అంటే వేడికి నిరోధం (రెసిస్టెన్స్) మారే రకం సెన్సర్. సున్నా డిగ్రీల దగ్గర దాని నిరోధం 100 ఓమ్‌లు, ఆపైన డిగ్రీకి సుమారు 0.385 ఓమ్ పెరుగుతుంది. తుప్పు వల్ల 2 ఓమ్‌లు అదనంగా చేరితే చాలు, స్క్రీన్ 5 డిగ్రీలు ఎక్కువ చూపిస్తుంది. అంటే లోపల గుజ్జు అంత కాగలేదన్నమాట! ఆ బ్యాచ్ ఆపి మళ్లీ వేడిచేశాం. కంప్యూటర్ తనకు వచ్చిన అంకెనే నమ్ముతుంది. ఆ అంకెను అనుమానించడం నాకు చదువు నేర్పింది. పాపను చేర్చండి.

పలమనేరు_రైతుబిడ్డ:
పట్టా ఒక్కటే ఉంటే లాభం లేదండీ. మా బోరు మోటార్ కాలినప్పుడల్లా వైండింగ్ కట్టే ఆయన బడికే పోలేదు, పనిమాత్రం బంగారం. అయితే మాటిమాటికీ ఎందుకు కాలుతోందో చెప్పింది మా పక్కింటి బీటెక్ అబ్బాయి. మూడు ఫేజుల్లో ఒకటి పోయినా మోటార్ తిరుగుతూనే ఉంటుంది, మిగతా వాటి మీద కరెంటు పెరిగి వేడెక్కి కాలుతుందట. ఒక ఫేజు పోగానే మోటార్‌ను ఆపేసే సింగిల్ ఫేజింగ్ ప్రివెంటర్ పెట్టించాడు. ఆ తర్వాత కాలలేదు. ఇద్దరూ కావాలి మాకు.

ఎస్వీయూ_ఈఈఈ:
తిరుపతిలో మా ఎస్వీ యూనివర్సిటీ ఇంజినీరింగ్ కాలేజీ 1959లో మొదలైంది. అప్పుడు చదివినవాళ్ల చేతిలో కంప్యూటర్ లేదు. వాళ్లు నేర్చుకున్న ఓమ్ నియమమే ఇప్పుడూ నేర్పుతున్నారు. సాఫ్ట్‌వేర్ ఐదేళ్లకోసారి మారినా పునాది మారదు. పైగా కరకంబాడిలో బ్యాటరీలు, రేణిగుంటలో ఎలక్ట్రానిక్స్, ఆ పక్క శ్రీసిటీ... ఎలక్ట్రికల్ వాళ్లకు ఊరి దగ్గరే పని ఉంది. ఆప్షన్ పెట్టేముందు ఆ కాలేజీకి వెళ్లి ల్యాబ్ చూడండి. మోటార్‌కు కనెక్షన్లు పిల్లలే ఇస్తున్నారా, సార్ ఇస్తే చూసి రికార్డు రాసుకుంటున్నారా అని సీనియర్లను అడగండి. నాకు అన్నిటికన్నా ముఖ్యం అదే.

డిప్లొమా_పుత్తూరు:
ఈసారి మంచి సీటు రాని పిల్లలు ఎవరైనా చదువుతుంటే వాళ్లకో మాట. డిప్లొమా చేసినవాళ్లు ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. నేను అలాగే వచ్చాను. ల్యాబ్‌లో చెయ్యి తిరిగి ఉండటంతో థియరీ త్వరగా ఎక్కింది.