మిర్చి యార్డు ఫోటోలు స్టాక్ సైట్లలో అమ్ముడవుతాయా? తెలిసినవాళ్లు చెప్పండి

అందరికీ నమస్కారం. మాది గుంటూరు. చిన్న ప్రైవేటు ఉద్యోగం, జీతం ఇరవయ్యో తారీఖుకే ఖాళీ. పెళ్లికి ముందు సరదాపడి కొన్న కెమెరా బీరువాలో పడి ఉంటే దుమ్ము దులిపి బయటికి తీశాను, స్టాక్ సైట్లలో (మన ఫోటోలు పెడితే డౌన్‌లోడ్ అయినప్పుడల్లా వాటా ఇచ్చే సైట్లు) అమ్మి నాలుగు రాళ్లు సంపాదిద్దామని.

ఫిబ్రవరిలో ఒకరోజు సెలవు పెట్టి తెల్లారేసరికి మిర్చి యార్డుకు వెళ్లాను. తుమ్ములు ఆపుకుంటూ నూట ఇరవై ఫోటోలు తీశాను. మిర్చి టిక్కీ (బస్తా) మోస్తున్న హమాలీ, ముక్కుకి తువ్వాలు, కనురెప్పల మీద ఎర్రటి పొడి. నాకైతే అదే బాగా నచ్చింది.

ఒక సైట్‌కి ఇరవై పంపితే పద్నాలుగు తిప్పికొట్టారు. కొన్నిటిలో గ్రెయిన్ (చుక్కలు చుక్కలుగా కనపడడం) ఎక్కువట. అది నా తప్పే, చీకట్లో ఐఎస్‌ఓ (తక్కువ వెలుతురులో తీయడానికి పెంచే కెమెరా సెట్టింగు) పెంచేశాను. హమాలీ ఫోటోకి మాత్రం మోడల్ రిలీజ్, అంటే తన ఫోటో వాడుకోవడానికి ఆయన ఒప్పుకున్నట్టు సంతకం పెట్టిన కాగితం, కావాలట. ఆయన్ని వెతికి పట్టుకుని, ఇంగ్లీషు కాగితం మీద సంతకం ఎలా అడగను? ఊరికే పెట్టించుకోవడానికీ మనసొప్పడం లేదు, ఎంతిస్తే సబబు? ఎడిటోరియల్ (వార్తలు, వ్యాసాల్లో వాడుకోవడానికి) కింద పెడితే రిలీజ్ అక్కర్లేదు గానీ, ప్రకటనలకు పనికిరావు కదా. అలాంటివి అసలు ఎవరైనా కొంటారా?

షట్టర్‌స్టాక్‌లో మన వాటా 15 శాతంతో మొదలై 40 దాకా పెరుగుతుంది, జనవరి 1 రాగానే మళ్లీ మొదటికే. అడోబ్ స్టాక్‌లో ఫోటోకి 33 శాతం, కానీ 25 డాలర్లు చేరితేనే చేతికొస్తాయి. ఒక్కో డౌన్‌లోడ్‌కి సెంట్లు లెక్కపెట్టుకుంటూ అక్కడిదాకా చేరడానికి మీకెన్నాళ్లు పట్టింది? ఎన్ని ఫోటోలు పెట్టాక?

అన్నట్టు, ఆ అమెరికా ట్యాక్స్ ఫారం డబ్ల్యూ-8బెన్ నింపినవాళ్లుంటే, పాన్ నంబరు ఏ గడిలో రాశారో కాస్త చెప్పండి. మూడు రోజులుగా అక్కడే ఆగిపోయాను.