బీబీఏ ప్రాజెక్టుకి స్కూల్ టీచర్ల సర్వే: ప్రశ్నలు, పర్మిషన్, ఎక్సెల్ డౌట్లు

బీబీఏ_ఫైనల్_వైజాగ్:
హెచ్‌ఆర్ ప్రాజెక్టుకి "ప్రైవేటు స్కూలు టీచర్లలో ఉద్యోగ సంతృప్తి, ఒత్తిడి" అని టాపిక్ ఖాయమైంది. గాజువాక, మధురవాడ, ఎంవీపీ కాలనీ స్కూళ్లు అనుకుంటున్నాను. గైడ్ గారు వంద శాంపిల్ చాలన్నారు. 30 ప్రశ్నలు రాసుకున్నా, అన్నీ అవును/కాదు. వంద నిజంగా చాలా? ప్రిన్సిపాల్ నోటిమాటగా సరే అంటే సరిపోతుందా? గూగుల్ ఫామ్ లింకు ఇస్తే స్కూల్ వాట్సాప్ గ్రూపులో తామే పెడతామంటున్నారు, పెట్టనివ్వొచ్చా? లెక్కలు ఎక్సెల్‌లో అవుతాయా, ఎస్‌పీఎస్‌ఎస్ (గణాంకాల సాఫ్ట్‌వేర్) కావాలా?

సైకాలజీ_మైనర్:
ముందు ఆ 30 ప్రశ్నలు పక్కన పెట్టండి. అవును/కాదుతో ఎంతమంది అవునన్నారో తెలుస్తుంది గానీ ఎంత ఒత్తిడో తెలీదు. తయారుగా ఉన్న స్కేళ్లు, అంటే జవాబుకి ఇన్ని మార్కులని ముందే ఖాయం చేసిన ప్రశ్నల జాబితాలు, తీసుకోవడమే మేలు.

ఒత్తిడికి కోహెన్ పర్సీవ్డ్ స్ట్రెస్ స్కేల్, పది ప్రశ్నలది. గత నెల రోజుల్లో ఎలా అనిపించిందని అడుగుతుంది. ఒక్కోదానికి 0 నుంచి 4, మొత్తం 0–40. ఇందులో 4, 5, 7, 8 ప్రశ్నలు మంచి సంగతులు అడుగుతాయి కాబట్టి తిరగేసి లెక్కించాలి: 4 వేస్తే 0, 3 వేస్తే 1, అలా. నెట్‌లో "27 దాటితే తీవ్ర ఒత్తిడి" అని పట్టికలు తిరుగుతుంటాయి, వాటిని రిపోర్టులోకి ఎక్కించకండి. ఆ స్కేలుకి అలాంటి గీతలేవీ లేవు, జబ్బు తేల్చే పరీక్షా కాదది. మీ శాంపిల్లోనే ఒక గుంపుని ఇంకో గుంపుతో పోల్చుకోవాలి, అంతే.

సంతృప్తికి స్పెక్టర్ జాబ్ శాటిస్‌ఫాక్షన్ సర్వే (1985). 36 ప్రశ్నలు, 9 అంశాలు, అంశానికి 4, జవాబులు 1 నుంచి 6. చదువు పనికి ఉచితం. మొత్తం పెడితే టీచర్లు విసుగెత్తి చివరి పేజీ అంతా ఒకే గడిలో టిక్కులు కొట్టేస్తారు. జీతం, పై అధికారి, పని స్వభావం, ఈ మూడు అంశాలు తీసుకుంటే 12 ప్రశ్నలు. ఒత్తిడివి 10 కలిపితే 22. అంశాన్ని మధ్యకి విరవకండి, నాలుగూ ఉంచాలి. పనిలో అలసిపోవడాన్ని కొలిచే మాస్లాక్ బర్నౌట్ ఇన్వెంటరీ జోలికి వెళ్లొద్దు, దానికి డబ్బు కట్టి లైసెన్సు తీసుకోవాలి.

సొంత ప్రశ్న ఒకటీ అరా కలిపితే ఒక వాక్యంలో ఒకే సంగతి ఉండాలి. "జీతం, సెలవులు బాగున్నాయి" అంటే జీతం నచ్చి సెలవులు నచ్చనివాళ్లు ఏ గడి నింపాలి?

ఎథిక్స్_పేపర్:
వాట్సాప్ గ్రూపు మాత్రం వద్దండీ. ఆ గ్రూపులో కరస్పాండెంట్ ఉంటారు. "మా ప్రిన్సిపాల్ పక్షపాతం చూపిస్తారు" అన్న వాక్యానికి ఆయన పంపిన లింకులో నిజం ఎవరు రాస్తారు? వంద ఫామ్‌లు వస్తాయి, అన్నీ బ్రహ్మాండంగా ఉంటాయి, మీ ప్రాజెక్టుకి అర్థం ఉండదు.

పర్మిషన్, సమ్మతి రెండూ వేరు. ప్రిన్సిపాల్ ఇచ్చేది గేటు లోపలికి రావడానికి. జవాబు చెప్పాలా వద్దా అన్నది టీచర్ ఇష్టం. పర్మిషన్ లెటర్ కాలేజీ లెటర్‌హెడ్ మీద, హెచ్‌ఓడీ (విభాగం హెడ్) సంతకంతో, రెండు కాపీలు తీసుకెళ్లండి. టాపిక్, పట్టే సమయం, స్కూలు పేరు ఎక్కడా రాదన్న మాట అందులో ఉండాలి. ఒక కాపీ మీద స్కూలు ముద్ర వేయించుకుని గైడ్‌కి చూపించండి. దాన్ని రిపోర్టు చివర బైండ్ చేయించకండి, చాలామంది చేసే పొరపాటిదే. లోపల స్కూల్‌కి "ఎ, బి, సి" అని కోడ్ పెట్టి, చివర ముద్రతో పేరు చూపిస్తే దాచిందేముంది?

సమ్మతి పత్రం అరపేజీ చాలు: ఎందుకు అడుగుతున్నారు, ఎన్ని నిమిషాలు, ఏ ప్రశ్నైనా వదిలేయొచ్చు, స్కూల్లో ఎవరికీ చూపించరు. సంతకం బదులు టిక్ పెట్టించండి, సంతకం పెడితే పేరిచ్చినట్టే.

అసలు చిక్కు వివరాల గడుల్లో ఉంటుంది. తొమ్మిదిమంది టీచర్లున్న స్కూల్లో "పురుషుడు, 48 ఏళ్లు, హిందీ" అంటే ఎవరో అటెండర్ కూడా చెప్పేస్తారు. సబ్జెక్టు తీసేయండి. వయసు, అనుభవం రెండూ వద్దు, ఒకటి చాలు. అదీ 5 ఏళ్లలోపు, 5–15, 15 పైన అని. మరీ చిన్న స్కూళ్లను ఏరియా పేరు కింద కలిపేయండి.

కాగితాలైతే స్టాఫ్‌రూమ్‌లో మూతపెట్టిన డబ్బా ఉంచి మీరే తెచ్చుకోండి, ఆఫీసులో ఇవ్వమనొద్దు. గూగుల్ ఫామ్ అయితే ఈమెయిల్ సేకరించే సెట్టింగు ఆపేసి, లింకు క్యూఆర్ కోడ్‌గా కాగితం మీద చేతికివ్వండి. కింద ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబరు వేయండి. ఒత్తిడి గురించి అడిగి, అవునన్నవాళ్లని గాలికొదిలేయకూడదు.

లెక్కల_బల్ల:
ఎక్సెల్ చాలు. వంద అన్నది ఎలా తెచ్చారన్నదాన్ని బట్టి ఉంటుంది. రెండు పెద్ద స్కూళ్లలో యాభై చొప్పున తెస్తే మీరు చూసింది ఆ రెండు యాజమాన్యాలనే. పది స్కూళ్లు, స్కూలుకి పదిమంది, మూడు ఏరియాలకీ దాదాపు సమానంగా తీసుకోండి. 130–140 కాగితాలు పంచితేనే వంద పనికొచ్చేవి చేతికొస్తాయి. ఎంత జాగ్రత్త పడినా ఇది వీలునిబట్టి తీసిన శాంపిలే కాబట్టి "విశాఖ టీచర్లు" అని రాయకండి, "ఈ సర్వేలో పాల్గొన్న టీచర్లు" అని రాయండి.

వరస ఇది. ముందు 10–15 మందితో పైలట్ (చిన్న ట్రయల్), వాళ్లని అసలు వందలో కలపొద్దు. తర్వాత ఒక్కో టీచర్ ఒక వరుస, ఒక్కో ప్రశ్న ఒక కాలమ్. ఖాళీ వదిలినదాన్ని ఖాళీగానే ఉంచండి, సున్నా కొడితే ఒత్తిడి స్కేల్లో అది "ఎప్పుడూ లేదు" అన్న జవాబైపోతుంది. తిరగేసేవి (సంతృప్తి సర్వేలోనూ వ్యతిరేకంగా రాసిన వాక్యాలుంటాయి) కొత్త కాలమ్‌లో తిరగేయండి: 0–4 స్కేలుకి 4 లోంచి తీసేయాలి, 1–6 స్కేలుకి 7 లోంచి.

అప్పుడు క్రాన్‌బాక్ ఆల్ఫా, ఒక స్కేల్లోని ప్రశ్నలన్నీ ఎంతవరకు ఒకదానితో ఒకటి పొసుగుతున్నాయో చెప్పే అంకె. వేరియన్స్ అంటే జవాబులు ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత. ప్రశ్నల సంఖ్యను అందులోంచి ఒకటి తీసేసిన సంఖ్యతో భాగించి, దాన్ని (1 – ప్రశ్నల వేరియన్స్‌ల మొత్తం ÷ టోటల్ స్కోరు వేరియన్స్)తో గుణించాలి. పది ప్రశ్నల వేరియన్స్‌లు కలిపి 12, టోటల్‌ది 40 అయితే 10/9 × 0.7, అంటే 0.78. 0.7 దాటితే మామూలుగా ఒప్పుకుంటారు. 0.3 వచ్చినా, మైనస్ వచ్చినా ముందు తిరగేయడం మర్చిపోయారేమో చూడండి, చాలాసార్లు అదే.

ఒత్తిడికీ సంతృప్తికీ కోరిలేషన్ తీయండి, ఒకటి మారితే ఇంకోటి ఎంత కలిసి మారుతుందో అది చెబుతుంది. వందమందికి 5 శాతం స్థాయిలో, మైనస్ గుర్తు పక్కన పెట్టి, 0.197 దాటితేనే లెక్కలోకి వస్తుంది. దాటినా ఏది కారణం, ఏది ఫలితం అని అది చెప్పదు. మూడు ఏరియాలని పోల్చడానికి ఎక్సెల్ డేటా అనాలిసిస్ యాడ్-ఇన్‌లో వన్-వే అనోవా (గుంపుల సగటుల్లో తేడా చూసే పరీక్ష) ఉంది. ప్రశ్నకో పై చార్టు చొప్పున 22 పేజీలు నింపే అలవాటు మానుకోవాలి, వైవాలో అవి ఎవరూ చూడరు.

బీబీఏ_ఫైనల్_వైజాగ్:
థాంక్స్ అండీ. స్కేళ్లు ఇంగ్లీషులో ఉన్నాయి కదా, తెలుగులో ఇవ్వాలా? ఎప్పుడు వెళ్తే మంచిది?

సైకాలజీ_మైనర్:
పక్కపక్కన రెండు భాషల్లోనూ ఇవ్వండి, తెలుగు పండిట్లూ ప్రైమరీ టీచర్లూ సుఖపడతారు. ఒకరు తెలుగులోకి మార్చాలి, ఇంగ్లీషు మూలం చూడని ఇంకొకరు దాన్ని మళ్లీ ఇంగ్లీషులోకి మార్చాలి. రెండూ పక్కన పెట్టుకుంటే అర్థం ఎక్కడ జారిందో దొరుకుతుంది. "లేదు", "కాదు" ఉన్న వాక్యాల్లోనే ఎక్కువ జారుతుంది. ఈ ఫామ్‌కి పైలట్‌లో వచ్చిన ఆల్ఫా విడిగా రాయండి.

ఎస్‌ఏ (సమ్మేటివ్ అసెస్‌మెంట్) పరీక్ష పేపర్లు దిద్దే రోజుల్లోనూ మార్చిలో టెన్త్ పబ్లిక్ పరీక్షలప్పుడూ వెళ్లకండి. స్కేలు గత నెల గురించే అడుగుతుంది, ఆ నెల మామూలు నెల కాదు. మూడు ఏరియాలూ రెండు మూడు వారాల్లోపే ముగించండి. గాజువాక పరీక్షలకి ముందు, మధురవాడ తర్వాత అయితే మీకు కనిపించే తేడా ఏరియాదో, పరీక్షలదో విడదీయలేరు.