జిమ్‌కి వెళ్లని రోజు తిండి ఎంత తగ్గించాలి?

ప్రశ్న:
నాకు 34 ఏళ్లు, బరువు 72 కిలోలు. ఐదు నెలలుగా వారానికి నాలుగు రోజులు, రోజూ ముప్పావుగంట బరువులెత్తుతున్నాను. మిగతా మూడు రోజులు రెస్ట్. పొట్ట తగ్గాలి, అదే నా బాధ. వర్కౌట్ రోజు 2300 కేలరీలు, రెస్ట్ రోజు 1500 తింటున్నాను. ఒళ్లు వంచని రోజు కూడా అంత తిండి దేనికని నా లెక్క. పైగా ఒక్కో వర్కౌట్‌కి 600 ఖర్చయ్యాయని చేతి వాచ్ చూపిస్తోంది.

ఇబ్బందల్లా రెస్ట్ రోజు సాయంత్రం నుంచి మొదలవుతుంది. అందరి మీదా చిరాకు. రాత్రి పదకొండింటికి ఇంట్లోవాళ్లు లేస్తారని లైటు కూడా వెయ్యకుండా వంటింట్లో డబ్బాలు తడుముతున్నాను. ఆ తిన్నది లెక్కలో రాయను. మర్నాడు స్క్వాట్స్‌లో రెండో సెట్‌కే కాళ్లు వణుకుతున్నాయి. రెస్ట్ రోజు ఇంకా తగ్గించాలా, పెంచాలా?

జవాబు 1:
ఆ చీకటి వంటింట్లో నేనూ రెండేళ్లు ఉన్నానండీ, అందుకే రాస్తున్నా.

నాలుగు రోజులు 2300, మూడు రోజులు 1500 అంటే వారానికి 13,700. రోజుకి సగటున 1957. రోజూ 1950 తిన్నా లెక్క దాదాపు అదే. అర్ధరాత్రి పన్నెండు కొట్టగానే ఒంట్లో పద్దు మూసేసి కొత్త పేజీ తియ్యరు కదా. అయినా డబ్బాల్లోంచి తిన్నది కలిపితే మీ అసలు సగటు ఎంతో మీకే తెలియదు.

ఇంకొకటి, రెస్ట్ రోజు ఒళ్లు ఊరికే ఉండదు. బరువులెత్తాక ఒకటి రెండు రోజుల దాకా కండరాల్లో కొత్త ప్రొటీన్ తయారీ మామూలు కంటే ఎక్కువగా సాగుతుంది. వర్కౌట్‌లో వాడేసిన గ్లైకోజెన్, అంటే కండరాల్లో దాచుకున్న చక్కెర నిల్వ, మళ్లీ నిండేదీ అప్పుడే, దానికి కార్బ్స్ కావాలి. అవి కోసేసి, మర్నాడు కాళ్లు వణుకుతున్నాయంటే ఎలా?

నేనైతే ప్రొటీన్ ఏ రోజూ తగ్గించను. కిలోకి 1.6 గ్రాముల లెక్కన మీకు 115 గ్రాములు. వర్కౌట్ రోజు 2050, రెస్ట్ రోజు 1850 పెట్టి చూడండి. వారం మొత్తం ఇప్పుడు మీరు రాసుకుంటున్నంతే వస్తుంది.

జవాబు 2:
నా అనుమానం ఆ 600 మీదే. 2017లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు చేతికి పెట్టుకునే ఏడు పరికరాలను పరీక్షించారు. గుండె వేగం చాలావరకు సరిగ్గానే చూపించాయి. కేలరీల దగ్గరికొచ్చేసరికి అన్నిటికన్నా నయం అనిపించినది కూడా సగటున 27 శాతం తప్పింది.

కాసేపు వాచ్ పక్కన పెట్టండి. ముప్పావుగంట కాస్త గట్టిగా బరువులెత్తారనుకుని 5 మెట్ (ఊరికే కూర్చున్నప్పటి ఖర్చుకి ఐదు రెట్లు) లెక్క కడితే మీ బరువుకి 270 వస్తుంది. అందులో ఊరికే కూర్చున్నా ఖర్చయ్యే 54 తీసెయ్యాలి. మిగిలేది 216. రెండు రకాల రోజులకీ ఉన్న తేడా ఇంతే. మీరు పెట్టింది 800!

జవాబు 3:
నాది వేరే అనుభవం. రెస్ట్ రోజు నాకసలు ఆకలే తక్కువ, 300 తగ్గించినా హాయిగా నిద్రపడుతుంది. కాబట్టి తగ్గించడమే తప్పని అనను. రాత్రి వంటింట్లోకి నడిపించేంత తగ్గించకండి, అంతే.

ప్రశ్న అడిగినవారు:
జవాబు 1 చెప్పినట్టే మొదలుపెట్టాను. మొదటి రెస్ట్ రోజు 1850 తిని మర్నాడు పొద్దున్నే చూసుకుంటే 900 గ్రాములు పెరిగాను! టెన్షన్‌గా ఉంది.

జవాబు 1:
చాలావరకు నీళ్లే అయ్యుంటాయండీ. ఒక గ్రాము గ్లైకోజెన్ సుమారు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. కిలో కొవ్వంటే దాదాపు 7700 కేలరీలు, ఒక్క రోజులో అంత ఎక్కువ తిన్నారా? రోజూ చూసుకోండి గానీ, వారం సగటునే పక్క వారం సగటుతో పోల్చండి.

ప్రశ్న అడిగినవారు:
లేదండీ. నిన్న రాత్రి వంటింట్లోకి కూడా వెళ్లలేదు. పొద్దున స్క్వాట్స్ మూడు సెట్లూ అయ్యాయి, నాలుగోది మాత్రం సగంలో వదిలేశాను.