అమ్మాయిలకు 6 కిలోమీటర్లు, అబ్బాయిలకు 10: అమెరికా కాలేజీ క్రాస్ కంట్రీలో ఈ తేడా ఇంకా ఎందుకు?

డల్లాస్_నాన్న
మా పెద్దమ్మాయి ఇక్కడ కాలేజీ క్రాస్ కంట్రీ టీమ్‌లో పరిగెడుతుంది, అంటే ట్రాక్ మీద కాదు, గడ్డి, మట్టి దారుల్లో పరుగు. సెప్టెంబర్ నుంచి నవంబర్ దాకా మా శనివారాలన్నీ బురదలోనే. మొన్న రీజినల్ మీట్‌లో గీత దాటాక సగం మంది గడ్డి మీద పడిపోయారు, మా పిల్ల మాత్రం నిలబడే ఉంది. స్పైక్స్‌కి (మేకుల బూట్లకి) అంటిన మట్టి పుల్లతో గీక్కుంటూ, "ఇప్పుడే ఒళ్లు వేడెక్కింది నాన్నా, ఇంతలోనే అయిపోయింది" అంది. దానికి వేగం తక్కువ, ఓపిక ఎక్కువ. వాళ్లమ్మ పోలిక.

కాసేపటికి అదే గడ్డి మీద అబ్బాయిలు 10 కి.మీ. పరిగెత్తారు. ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ ఆటల సంఘం) ఫైనల్స్‌లో అమ్మాయిలకు 2000లో 5 నుంచి 6కి పెంచారు, అంతే, మళ్లీ కదల్లేదు. నా కడుపుమంట ఏంటంటే, వసంతంలో ట్రాక్ సీజన్ రాగానే ఇదే కాలేజీల అమ్మాయిలకు 10,000 మీటర్ల పోటీ ఉంది. 25 రౌండ్లు! అప్పుడు ఎవరికీ అభ్యంతరం లేదు. గడ్డి మీదకు వచ్చేసరికి ఆడపిల్ల సున్నితమైపోతుందా?

పీడీ_సార్_రిటైర్డ్
బాబూ, దూరం పెంచితే గౌరవం పెరుగుతుందనుకోవడం పొరపాటు. ముప్పై ఏళ్లు పిల్లల్ని పరిగెత్తించాను కాబట్టి చెబుతున్నా. 6 కి.మీ. అంటే ట్రాక్ మీద 1500 మీటర్లు పరిగెత్తే పిల్ల, 10,000 మీటర్లు పరిగెత్తే పిల్ల ఒకే గీత మీద నిలబడగలిగే దూరం. క్రాస్ కంట్రీ టీమ్ ఆట. ఏడుగురు దిగుతారు, ముందొచ్చిన ఐదుగురి స్థానాలు కూడతారు, తక్కువ వచ్చినవాళ్లది కప్పు. 2023లో షార్లెట్స్‌విల్ ఫైనల్లో ఎన్‌సీ స్టేట్ యూనివర్సిటీ అమ్మాయిలకు 123, నార్తర్న్ అరిజోనా యూనివర్సిటీకి 124. ఒక్క పాయింట్! 10 చేస్తే గుంపు చీలిపోతుంది, ఆ మజా ఉండదు. 1500 పిల్లలు టీమ్‌కే రారు.

బెజవాడ_స్పైక్స్
సార్, మీ మీద గౌరవంతోనే అంటున్నా, మజాకి దూరంతో పని లేదు. 2022లో స్టిల్‌వాటర్‌లో అబ్బాయిలు 10 కి.మీ. పరిగెత్తాక కూడా నార్తర్న్ అరిజోనా, ఓక్లహోమా స్టేట్ 83-83 దగ్గర ఆగాయి. టై బ్రేక్‌లో అరిజోనా వాళ్లు గెలిచారు. ఇంకేం కావాలి?

1500 పిల్లలు రారన్న మాటకు జవాబు కంపాలాలో ఉంది. 2017 ప్రపంచ క్రాస్ కంట్రీలో తొలిసారి ఆడవాళ్లకూ 10 కి.మీ. పెట్టారు. మొదటి ఆరు స్థానాలూ కెన్యావాళ్లవే. ఆ ఆరో ఆమె ఎవరనుకున్నారు? ఫెయిత్ కిప్యెగాన్. అంతకు ముందు ఏడాదే రియో ఒలింపిక్స్‌లో 1500 గోల్డ్ కొట్టిన మనిషి.

పీడీ_సార్_రిటైర్డ్
కిప్యెగాన్‌ని చూపించి కాలేజీ పిల్లల లెక్క తేల్చకు నాయనా.

సుధ_ఫిజియో
మీ గొడవలోకి నేనూ వస్తా. నేను కాలేజీలో పరిగెత్తాను. రెండో ఏడాది సీజన్ మధ్యలో ముంగాలి ఎముకలో స్ట్రెస్ ఫ్రాక్చర్, అంటే పదే పదే ఒత్తిడి పడి వచ్చే పగులు. ఇంట్లో అందరూ "ఆడపిల్లకి అన్నేసి మైళ్లెందుకు" అన్నారు. అసలు కారణం మైళ్లు కాదు, తిండి చాలకపోవడం. సన్నబడితే వేగం వస్తుందని మా కోచ్ అనేవాడు, నేను రాత్రి అన్నం మానేశా. ఏడు నెలలు నెలసరి రాలేదు. భయపడాల్సింది పోయి, ట్రైనింగ్ బాగా పడుతోందని సంబరపడ్డా! కాబట్టి 10 పెడితే ఎముకలు విరుగుతాయని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. 6 కి.మీ. కోసం పరిగెడుతూనే విరగ్గొట్టుకున్నా నేను.

ఇంకోటి. ఇక్కడ హైస్కూల్లో ఇద్దరికీ 5 కి.మీ. కాలేజీకి రాగానే అబ్బాయి 8కి, నవంబర్ వచ్చేసరికి 10కి వెళ్తాడు. వాడికి "తట్టుకోగలడా" అన్న ప్రశ్నే లేదు. అయితే ఒకేసారి 10 అనను. ఇద్దరికీ 8 చేయండి, చూద్దాం.

డల్లాస్_నాన్న
సుధ గారూ, ఆ భయం పాతదే. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో ఆడవాళ్లు 800 మీటర్లకే అలిసిపోయారని గోల చేసి, 1960 దాకా ఆ పోటీయే తీసేశారు. ముప్పై రెండేళ్లు! మా అమ్మ రోజూ చెరువు నుంచి బిందెలు మోసేది, ఆవిడకి ఈ సంగతి చెబితే నవ్వేది.

పీడీ_సార్_రిటైర్డ్
8 అంటే ఒప్పుకుంటాను. సుధమ్మ చెప్పిన తిండి సంగతి నేనూ చూశాను, అప్పట్లో నాకు అర్థం కాలేదు, అది నా తప్పే. 10కి మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను. ఇంతకీ బాబూ, మీ అమ్మాయిని అడిగావా ఏం కావాలో?

డల్లాస్_నాన్న
ఇప్పుడే ఫోన్ చేసి అడిగాను సార్. "8 అంటే అబ్బాయిలకి కూడానా? వాళ్లు ఒప్పుకోరులే నాన్నా" అని నవ్వింది. క్లాస్‌కి టైమైందని పెట్టేసింది.