చీనీ తోటలోని రాస్ప్‌బెర్రీ పై కరెంటు పోయి వచ్చాక బూట్ కావడం లేదు

గార్లదిన్నె_తోట:
నమస్కారం. అనంతపురం జిల్లా గార్లదిన్నె దగ్గర మా చీనీ తోటలో డ్రిప్ వాల్వులను వేళ ప్రకారం తిప్పడానికి, నేల తేమను నమోదు చేయడానికి ఒక రాస్ప్‌బెర్రీ పై 3బీ ప్లస్ అనే చిన్న కంప్యూటర్ బోర్డును బోరు మోటారు స్టార్టరు పెట్టెలోనే అమర్చాము. గాలివానకు కరెంటు పలుమార్లు పోయి వచ్చిన తరువాత అది మళ్లీ నెట్‌వర్కులోకి రాలేదు. ఎర్ర లైటు నిలకడగా వెలుగుతోంది. ఆకుపచ్చ లైటు కాసేపు ఒక క్రమం లేకుండా మినుకుమని ఆగిపోతోంది. దాని మెమరీ కార్డును విండోస్ ల్యాప్‌టాప్‌లో పెడితే చిన్న బూట్ పార్టిషన్ (కార్డులో బూట్ ఫైళ్లుండే భాగం) మాత్రమే తెరుచుకుంటోంది. ఈ వేసవి తేమ లెక్కలన్నీ రెండో పార్టిషన్‌లో ఉన్నాయి కాబట్టి, అవి పోకుండా సరిచేసే మార్గం ఉంటే తెలుపగలరు.

కర్నూలు_పెంగ్విన్:
కొత్త కార్డు కొని, కార్డులోకి ఓఎస్ రాసే ఇమేజర్ ప్రోగ్రాముతో ఓఎస్‌ను మళ్లీ రాసుకోండి. గంటలో పని అయిపోతుంది.

కడప_సీరియల్:
కొత్త కార్డు చివరికి తప్పకపోవచ్చు గాని, బూట్ ఎక్కడ ఆగిందో చూడకుండా కార్డు మారిస్తే వచ్చే గాలివానకు ఇదే ప్రశ్న మళ్లీ అడగవలసి వస్తుంది. పైగా వారు అడిగింది లెక్కల గురించి.

ముందుగా ఒక జాగ్రత్త. రెండో పార్టిషన్ ఎక్స్‌ట్4 అనే లైనక్స్ ఫైల్ సిస్టమ్‌లో ఉంది కనుక విండోస్ దానిని చదవలేదు, ఫార్మాట్ చేయమంటారా అని అడుగుతుంది. వద్దనండి.

ఇక లైట్ల విషయం. ఈ బోర్డులో సరఫరా 4.63 వోల్టుల కంటే తగ్గితే ఎర్ర లైటు ఆరిపోతుంది కాబట్టి, ఇప్పటికైతే కరెంటు సరిగానే అందుతోంది. బోర్డును లేపే ఫర్మ్‌వేర్ ఫైలు దొరకకపోతే ఆకుపచ్చ లైటు నాలుగేసి సార్లు, లైనక్స్ మూల ప్రోగ్రామైన కెర్నల్ దొరకకపోతే ఏడేసి సార్లు లెక్కగా మినుకుతుంది. మీది లెక్క లేకుండా మినుకుతోందంటే చిప్‌లోనే శాశ్వతంగా ఉండే రోమ్ కోడే కాదు, ఆ తరువాతి ఫర్మ్‌వేర్ కూడా తన పని ముగించి కెర్నల్‌కు అప్పగించి ఉండవచ్చు. కెర్నల్ ఏమంటోందో వినాలంటే 3.3 వోల్టుల యూఎస్‌బీ సీరియల్ కేబుల్ కావాలి. 6వ పిన్‌కు గ్రౌండ్, 8వ పిన్‌కు కేబుల్ ఆర్ఎక్స్, 10వ పిన్‌కు కేబుల్ టీఎక్స్ తగిలించి, కేబుల్‌లోని 5 వోల్టుల తీగను ఎక్కడా కలపకుండా వదిలేయండి. బూట్ పార్టిషన్‌లోని కాన్ఫిగ్ ఫైలులో ఎనేబుల్_యూఏఆర్‌టీ=1 అని చేర్చి, కెర్నల్‌కు ఆదేశాలిచ్చే సీఎండీలైన్ ఫైలులో సీరియల్ కన్సోల్ పేరు ఉందో లేదో చూసి, క్వయట్ అన్న మాట ఉంటే తీసివేసి, 115200 వేగంతో చూడండి. సీఎండీలైన్ ఫైలు మొత్తం ఒకే వరుసలో ఉండాలి.

గార్లదిన్నె_తోట:
కేబుల్ తగిలించి చూశాను. ఎక్స్‌ట్4 జర్నల్‌ను లోడ్ చేయడంలో లోపం అని ఒక వరుస వచ్చింది. ఆ తరువాత చివరి వరుసలో "కెర్నల్ ప్యానిక్" అని, "అనేబుల్ టు మౌంట్ రూట్ ఎఫ్‌ఎస్ ఆన్ అన్‌నోన్-బ్లాక్(179,2)" అని ఉంది.

కడప_సీరియల్:
ఆ రెండు అంకెలే మీ జవాబు. 179 అంటే లైనక్స్‌లో మెమరీ కార్డు తరగతి పరికరం, 2 అంటే అందులోని రెండో పార్టిషన్. అక్కడ (0,0) ఉండి ఉంటే కెర్నల్‌కు రూట్ పరికరమే దొరకలేదని అర్థం; అప్పుడు సీఎండీలైన్‌లోని పార్ట్‌యూయూఐడీని (పార్టిషన్ గుర్తింపు సంఖ్యను) అనుమానించవలసి వచ్చేది. మీకు కార్డు కనబడింది, పార్టిషన్ కనబడింది, దానిలోని ఫైల్ సిస్టమ్ మాత్రమే మౌంట్ కాలేదు, అంటే వాడకానికి తెరుచుకోలేదు. రాస్తుండగా కరెంటు పోవడం వల్ల, ఫైల్ సిస్టమ్ తన మార్పులను ముందుగా రాసుకునే జర్నల్ దెబ్బతిన్నదని నా అంచనా.

ల్యాప్‌టాప్‌ను పెన్‌డ్రైవ్‌లోని లైవ్ ఉబుంటుతో నడిపి, ముందు డీడీరెస్క్యూ అనే కాపీ ప్రోగ్రాముతో కార్డు మొత్తాన్ని ఒక ఇమేజ్ ఫైలుగా తీసుకోండి. ఆ ఇమేజ్‌కు మరొక నకలు తీసి, మరమ్మతు నకలు మీదే చేయండి. పాడైన కార్డు మీద నేరుగా ఎఫ్‌ఎస్‌సీకే (ఫైల్ సిస్టమ్‌ను సరిచేసే ప్రోగ్రాము) నడపమనే సలహాలు చాలా కనబడతాయి గాని, చేతిలో వేరే ప్రతి లేనప్పుడు నేనైతే ఆ పని చేయను. నకలు ఫైలును డిస్కులా చూపే లూప్ పరికరంగా తగిలించి, మౌంట్ చేయకుండా రెండో పార్టిషన్ మీద ఎఫ్‌ఎస్‌సీకే నడిపితే, చెడిన జర్నల్‌ను తీసివేసి కొత్తది కడుతుంది. ఫైల్ సిస్టమ్ ముఖ్య వివరాలుండే సూపర్‌బ్లాక్ కూడా పోయిందంటే, సాధారణంగా 32768వ బ్లాకులో దాని ప్రతి ఉంటుంది. ఆ సంఖ్యను బీ ఆప్షన్‌తో ఇవ్వండి. తరువాత ఆ ఇమేజ్‌ను, పాత కార్డు కంటే చిన్నది కాని కొత్త కార్డులోకి డీడీతో మొత్తంగా రాయండి. డిస్కు సంతకం కూడా అలాగే వస్తుంది కనుక పార్ట్‌యూయూఐడీ మారదు. ఫైళ్లను మాత్రమే కాపీ చేస్తే సీఎండీలైన్‌లోనూ, మౌంట్ చేయవలసిన పార్టిషన్ల జాబితా అయిన ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లోనూ దానిని మార్చుకోవాలి.

గార్లదిన్నె_తోట:
కొత్త కార్డుతో బూట్ అయింది. తేమ లెక్కలన్నీ ఉన్నాయి. పేరు పోయిన కొన్ని ఫైళ్లు మాత్రం లాస్ట్+ఫౌండ్‌లో చేరాయి, అవి పాత లాగులే. మీకు చాలా కృతజ్ఞతలు. మళ్లీ ఇలా జరగకుండా ఏం చేయాలి?

కర్నూలు_పెంగ్విన్:
బోర్డు సెట్టింగుల ప్రోగ్రామైన రాస్పీ-కాన్ఫిగ్‌లో ఓవర్‌లే ఫైల్ సిస్టమ్‌ను పెట్టుకుంటే మార్పులు మెమరీలోనే ఉంటాయి, రూట్ పార్టిషన్‌కు రాతలే ఉండవు. తేమ లెక్కలను పెన్‌డ్రైవ్‌లోకి మళ్లించండి, లేకపోతే రీబూట్‌తో అవి కూడా పోతాయి. బోర్డును స్టార్టరు పెట్టెలో నుంచి తీసి, చిన్న బ్యాటరీతో వేరే సరఫరా ఇవ్వండి. మోటారు ఎత్తుకున్న తరువాత వీసీజెన్‌సీఎండీ గెట్_థ్రాటిల్డ్ అని అడిగి చూడండి. 0 కాకుండా 0ఎక్స్50000 వస్తే, బోర్డు లేచాక ఎప్పుడో ఒకసారి వోల్టేజీ పడిపోయినట్లే. ఓఎస్ అప్‌డేట్ చేయాలంటే ముందు ఓవర్‌లేను తీసివేసి రీబూట్ చేయాలి.