పదివేల లోపు టెలిస్కోపు కొనొచ్చా?

ప్రశ్న: అందరికీ నమస్తే. మాది విజయవాడ. మా అమ్మాయి ఎనిమిదో తరగతి. శనిగ్రహం వలయాలు చూడాలని ఒకటే గొడవ. "525 రెట్లు పెద్దగా చూపిస్తుంది" అంటూ ఆన్‌లైన్‌లో ఒక టెలిస్కోపు కనిపించింది. తీసుకోవచ్చా? పదివేలు దాటి పెట్టలేను. డాబా ఉంది గానీ చుట్టూ వీధిలైట్లే.

జవాబు: వద్దండి. పెట్టె మీద 525 అని రాశారంటేనే దాన్ని పక్కన పెట్టేయొచ్చు. టెలిస్కోపు ముందున్న కటకం వెడల్పు ఎన్ని మిల్లీమీటర్లుంటే దానికి రెట్టింపు వరకే పెద్దది చేసి లాభం. 60 మి.మీ. కటకమైతే 120 రెట్లు. ఆపైన అంతా మసకే. అసలు తంటా స్టాండుతో. ఫోకస్ తిప్పడానికి వేలు తగిలిస్తే చాలు, చంద్రుడు గడగడా ఊగి పక్కకు జారిపోతాడు. రెండో రోజుకే పిల్లలకు విసుగొస్తుంది.

ఆ డబ్బుతో 10×50 బైనాక్యులర్ కొనండి. 10 అంటే పది రెట్లు, 50 అంటే ముందున్న కటకం వెడల్పు, మిల్లీమీటర్లలో. చీకట్లో మన కంటిపాప 7 మి.మీ. దాకా తెరుచుకుంటుంది, దానికంటే ఇది సుమారు 50 రెట్లు ఎక్కువ వెలుగు పడుతుంది. కృత్తికల్లో (మా ఊళ్లో పిల్లలకోడి అంటారు) మామూలు కంటికి ఆరు చుక్కలైతే ఇందులో పదుల్లో కనిపిస్తాయి. 1610లో గెలీలియో కనిపెట్టిన గురుడి నాలుగు చంద్రులూ దొరుకుతాయి. చేతులు వణుకుతాయి కాబట్టి మోచేతులు పిట్టగోడకు ఆనించండి, లేదా మడతమంచం వేసుకుని పడుకోండి.

కొనేముందు దూరంగా ఉన్న సెల్ టవర్ వైపు చూడండి. రెండు టవర్లు కనిపించినా, కళ్లు లాగినట్టున్నా తీసుకోవద్దు.

ఇంకో సభ్యుడు: అన్నా, అంతా బాగానే ఉంది, కానీ పాప అడిగింది శని వలయాలు కదా! పది రెట్లలో అవి విడిగా తెలియవు. కనీసం 30 రెట్లు, కదలని స్టాండు కావాలి. నన్నడిగితే సెకండ్‌హ్యాండ్‌లో 114 లేదా 130 మి.మీ. అద్దం ఉన్న డాబ్సోనియన్ (కటకం బదులు అద్దంతో పనిచేస్తూ, పెట్టెలాంటి స్టాండు మీద తిరిగే టెలిస్కోపు) కోసం ఆగమంటాను. అద్దం మీద కాస్త దుమ్ముంటే ఫరవాలేదు, పూత లేచిపోతే మాత్రం వద్దు.

ప్రశ్న వేసినవారు: థ్యాంక్స్ అండీ. మరి వీధిలైట్ల సంగతి?

జవాబు: చంద్రుడికీ గ్రహాలకీ వాటితో పేచీ లేదు. లైటు నేరుగా కంట్లో పడకుండా చూసుకుంటే చాలు. పున్నమి రోజు చంద్రుడు తెల్లగా చదునుగా ఉంటాడు. శుక్ల అష్టమి ప్రాంతంలో చూస్తే వెలుగూ చీకటీ కలిసే గీత దగ్గర గుంటల నీడలు తేటగా తెలుస్తాయి. పాలపుంత, ఆండ్రోమెడా గెలాక్సీ లాంటివాటికైతే అమావాస్య రోజుల్లో ఊరు దాటాల్సిందే. అన్నట్టు, ఎండకు కాలిన డాబా సాయంత్రం పూట ఆవిరి కక్కుతుంటుంది, గ్రహాల బొమ్మ అలల్లా కదులుతుంది. రాత్రి పొద్దుపోయాక చూడండి. ఏది ఎక్కడుందో స్టెల్లేరియం యాప్ చెబుతుంది, అందులో రాత్రి మోడ్ పెడితే తెర ఎర్రగా మారి కళ్లు చెదరవు.

ఇంకో సభ్యుడు: సెకండ్‌హ్యాండ్‌ది కొంటే పెట్టెలో, కన్ను పెట్టి చూసే వైపు కటకానికి బిగించే సూర్యుడి ఫిల్టర్ ఉండొచ్చు. పాప చేతికి అందకముందే పారేయండి. వేడికి అది పగిలిందంటే కన్ను పోతుంది. బైనాక్యులర్ కూడా పగలు సూర్యుడి వైపు తిప్పనివ్వొద్దు.