కలక నీటిలో బాస్ చేపకు ఏ రంగు ఎర వేయాలి?

అనుభవజ్ఞులకు నమస్కారం. లార్జ్‌మౌత్ బాస్ (పెద్ద నోరుండే మంచినీటి చేప) కోసం గాలం వేయడం ఇటీవలే మొదలుపెట్టాను. తేట నీటిలో ముదురు ఆకుపచ్చ, గోధుమ వంటి సహజమైన ఛాయల ఎరలు, కలక నీటిలో నలుపు-నీలం గాని, కొట్టొచ్చినట్టు కనిపించే ఆకుపచ్చ-పసుపు షార్ట్‌రూజ్ గాని వాడాలన్న సూత్రం నాకు తెలుసు. అయితే మొన్న వాన వెలిసిన మరునాడు, జానెడు లోతులోనే ఎర కనుమరుగయ్యేంత బురద నీటిలో, షార్ట్‌రూజ్ క్రాంక్‌బెయిట్‌ను (లాగుతుంటే ఊగుతూ ఈదే, చేప ఆకారపు గట్టి ఎర) 2 గంటలు లాగినా ఒక్క చేపా తాకలేదు. విసుగెత్తి కట్టిన నల్లని ప్లాస్టిక్ పురుగును మాత్రం తోక తెగేంత గట్టిగా 3 సార్లు పట్టాయి. ఇది రంగు మహిమా, లేక పురుగు అడుగున నెమ్మదిగా కదలడం వల్లనా? (నా అనుమానం రెండోదాని మీదే.)

మరొకటి: ఎరుపు కాంతిని నీరు ముందుగా పీల్చేసుకుంటుంది కనుక, లోతుకు పోయేకొద్దీ ఎర్రని ఎర నల్లబడి కనిపించాలి కదా. మరి వసంతంలో క్రేఫిష్‌ను (రొయ్యలాంటి మంచినీటి జీవి) పోలిన ఎర్ర ఎరలే మేలనేవారు లోతు తక్కువ చోట్ల గురించే చెబుతున్నారా? చేప పట్టనప్పుడు మీరు మొదట మార్చేది రంగునా, లాగే వేగాన్నా, లోతునా? కారణంతో సహా చెప్పగలరని మనవి.